పెడల్‌బోర్డ్ కట్టుకుంటున్నారా? పెడల్స్ కంటే ముందు కరెంటు సంగతి చూడండి

పెడల్‌బోర్డ్ అంటే గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే పెడల్స్ అన్నీ పేర్చుకునే పలక. అది పెట్టుకుందామనుకునే ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఒకటే, "అన్నా, ఏ ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని కాస్త గరుకుగా చేసే పెడల్) తీసుకోమంటావ్?" అని. నన్నడిగితే అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో. మొదటి ప్రశ్న, మీరు ఎక్కడ వాయిస్తారు, అక్కడికి దాన్ని ఎలా మోసుకెళ్తారు. రెండోది, దానికి కరెంటు ఎక్కణ్ణుంచి ఇస్తారు. ఈ రెండూ తేల్చుకోకుండా పెడల్స్ కొంటూ పోతే ఒకరోజు పెద్ద హాల్లో సౌండ్ ఆపరేటర్ అందరి ముందూ మైకులో "అన్నా, నీ లైన్ల హమ్మింగ్ వస్తుంది చూడు" అంటాడు, అప్పుడు పదిహేను వేల పెడల్ కూడా మిమ్మల్ని కాపాడదు.

మోసుకెళ్ళే సంగతి ముందు చెప్పేస్తా. హైదరాబాద్‌లో బైక్ మీద తిరిగేవాళ్ళయితే వీపున గిటార్ ఉంటుంది, కాబట్టి బోర్డు ట్యాంక్ మీదకో కాళ్ళ మధ్యకో రావాలి. సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు దాటితే స్కూటీ మీద ఇబ్బందే. కూకట్‌పల్లి నుంచి జూబ్లీహిల్స్ పబ్‌కి సాయంత్రం ఆరు గంటలకు బయల్దేరి చూడండి, మీకే అర్థమవుతుంది. కారుంటే, లేదా బోర్డు ఇంట్లోంచి కదలదంటే మీ ఇష్టం. ఇంకో మాట, మీకు కావాల్సింది క్లీన్, కాస్త డ్రైవ్, కాస్త డిలే (ప్రతిధ్వని), ఆదివారం చర్చిలో నాలుగు పాటలు, ఇంతే అయితే ఒక మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ తీసుకుని ఈ వ్యాసం ఇక్కడే ఆపేయొచ్చు. నేనేం అనుకోను. జూమ్ జీ1ఎక్స్ ఫోర్ లాంటిది ఒక చిన్న బ్యాగులో పడుతుంది, ఒక్క అడాప్టర్‌తో పనైపోతుంది. విడి పెడల్స్ ఎందుకంటే, కాలితో ఏది నొక్కితే ఏమవుతుందో కళ్ళకు కనిపిస్తుంది, నాబ్ తిప్పితే చాలు, మెనూలు తవ్వుకోనక్కర్లేదు. ఆ సుఖం కావాలంటేనే కింద చెప్పేదంతా.

ఇప్పుడు కరెంటు. గిటార్ పెడల్స్‌లో ఎక్కువ భాగం 9 వోల్టుల డీసీ మీద, లోపలి పిన్ను నెగెటివ్‌గా నడుస్తాయి. అంటే అడాప్టర్ పిన్ను లోపలి రంధ్రం మైనస్, బయటి గొట్టం ప్లస్. ఇంట్లో ఉండే వైఫై రూటర్ అడాప్టర్లు సాధారణంగా దీనికి ఉల్టా, పైగా ఎక్కువ శాతం 12 వోల్టులవి. కానీ పిన్ను మాత్రం బ్రహ్మాండంగా దూరుతుంది! దూరింది కదా అని స్విచ్ వేశారో, ఏ రక్షణా లేని పెడల్ అయితే అక్కడికక్కడే పోతుంది. అందుకే కొత్త అడాప్టర్ ఏది వచ్చినా ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి. డీసీ వోల్టుల మీద పెట్టి, ఎర్ర ప్రోబు రంధ్రంలోకి, నల్లది గొట్టానికి ఆనిస్తే రీడింగ్ ముందు మైనస్ గుర్తు రావాలి. మైనస్ వస్తే లోపల నెగెటివ్, మనకు కావాల్సింది అదే. రాకపోతే ఆ అడాప్టర్‌ని రూటర్‌కే వదిలేయండి.

వోల్టేజ్ కచ్చితంగా సరిపోవాలి, పోలారిటీ (ప్లస్ ఎటు, మైనస్ ఎటు అన్నది) కచ్చితంగా సరిపోవాలి. మిల్లీఆంపులు మాత్రం ఎక్కువున్నా నష్టం లేదు, తక్కువైతేనే కష్టం. పెడల్ తనకెంత కావాలో అంతే లాక్కుంటుంది, 500 మిల్లీఆంపుల అవుట్‌పుట్‌కి 10 మిల్లీఆంపుల పెడల్ తగిలించినా ఏమీ కాదు, దీని గురించి అనవసరంగా టెన్షన్ పడేవాళ్ళను చాలామందిని చూశాను. మామూలు అనలాగ్ ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ లాంటివి పదీ ఇరవై మిల్లీఆంపులతో సరిపెట్టుకుంటాయి. డిజిటల్ డిలే, రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు చేసేది) దగ్గరికొచ్చేసరికి 60, 100, స్ట్రైమన్ కంపెనీ పెద్ద పెడల్స్ లాంటివైతే 300 దాకా కూడా అడుగుతాయి. ప్రతి పెడల్ అడుగునో మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది, అవన్నీ కూడి పైన ఓ పావు వంతు వదులుగా ఉండేలా సప్లై చూసుకోండి. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన సప్లై అయితే ఇన్‌పుట్ దగ్గర 100-240 అని ఉందో లేదో చదవండి. వట్టి 120 వోల్టులని ఉంటే మన 230 వోల్టుల సాకెట్‌లో పెట్టగానే అది చివరి దీపావళి అవుతుంది.

ఇక అసలు గొడవ, డైసీ చైన్. ఒకే అడాప్టర్ నుంచి ఐదారు పిన్నులు కొమ్మల్లా వచ్చే వైరు అది, చవక, అందుకే అందరూ మొదట అదే కొంటారు. రెండు మూడు అనలాగ్ పెడల్స్‌కి పర్లేదు. కానీ అందులో ఒక డిజిటల్ డిలే చేరిందంటే, అన్నీ ఒకే గ్రౌండ్ (ఉమ్మడి మైనస్ తీగ) మీద ఉన్నాయి కాబట్టి దాని లోపలి క్లాక్ చప్పుడు సన్నగా "కీ..." అంటూ మీ డిస్టార్షన్‌లోకి వస్తుంది, డిస్టార్షన్ దాన్ని వంద రెట్లు చేసి స్పీకర్‌కి ఇస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఒకే పైపు మీద ఆరు ఫ్లాట్లున్నట్టు, ఒకరు ట్యాప్ తిప్పితే ఇంకొకరికి తెలిసిపోతుంది. దీనికి సరైన మందు ఐసొలేటెడ్ సప్లై, ప్రతి అవుట్‌పుట్ లోపల విడివిడిగా ఉండేది. ఇక్కడ జాగ్రత్త, ఎనిమిది అవుట్‌పుట్లు ఉన్నంత మాత్రాన అది ఐసొలేటెడ్ కాదు, డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసి లోపల మాత్రం అన్నిటికీ ఒకే గ్రౌండ్ ఇచ్చేవి బజార్లో ఉన్నాయి. మల్టీమీటర్‌తో ఇదీ చూడొచ్చు: సప్లైకి కరెంటు తీసేసి, ఒక అవుట్‌పుట్ లోపలి మైనస్‌కీ ఇంకో అవుట్‌పుట్ లోపలి మైనస్‌కీ మధ్య కంటిన్యుటీ పెట్టండి. బీప్ అంటే అది ఐసొలేటెడ్ కాదు, వేషం మార్చిన డైసీ చైన్.

బడ్జెట్ లేదా? అయితే ఒక మధ్యేమార్గం. అనలాగ్ పెడల్స్ అన్నిటికీ ఒక అడాప్టర్‌తో డైసీ చైన్, డిజిటల్‌వాటికి వేరే అడాప్టర్. నూటికి నూరు పాళ్ళు కాకపోయినా ఆ కీ అనే శబ్దం చాలావరకు పోతుంది. ఫజ్ (బాగా గరుకుగా మోగే పాతకాలపు డిస్టార్షన్ రకం) ఒక్కదానికీ 9 వోల్టుల బ్యాటరీ వేసుకున్నా తప్పులేదు, బాగానే మోగుతుంది కూడా. ముఖ్యంగా పాత తరహా పీఎన్‌పీ జెర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్‌లు కొన్ని పాజిటివ్ గ్రౌండ్‌తో, అంటే ప్లస్‌నే గ్రౌండ్‌గా పెట్టుకుని ఉంటాయి, వాటిని మిగతావాటితో కలిపి డైసీ చైన్‌లో పెడితే సప్లై షార్ట్ అయి కూర్చుంటుంది. బ్యాటరీ పెట్టిన పెడల్ ఇన్‌పుట్‌లో కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, పెడల్ ఆఫ్‌లో ఉన్నా సరే, అందుకే వాయించడం అవగానే జాక్ లాగేయండి.

వరస గురించి. పెడల్స్‌కి ఇన్‌పుట్ కుడి పక్కన, అవుట్‌పుట్ ఎడమ పక్కన ఉండటం రివాజు, కాబట్టి సిగ్నల్ మీ కుడి చేతివైపు మొదలై ఎడమకు పోతుంది. నేను చెప్పే వరస ఇది: ట్యూనర్, వా (కాలితో ఊపితే వా వా అనేది), కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల్ని సమం చేసేది), ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, తర్వాత కోరస్, ఫేజర్ లాంటి మాడ్యులేషన్ (శబ్దాన్ని అలలా ఊపేవి), చివర డిలే, రివర్బ్. డిలేని డిస్టార్షన్ ముందు పెడితే ఏమవుతుందో ఇంట్లో ఒకసారి చేసి వినండి. ప్రతిధ్వనులన్నీ కలిసి డిస్టార్షన్‌లో పడి ముద్ద అయిపోతాయి, కొత్త నోటు ఏదో పాత నోటు ఏదో తెలీదు. డిస్టార్షన్ తర్వాత పెడితే ఒక్కో ప్రతిధ్వనీ విడిగా, స్పష్టంగా వస్తుంది. కొందరికి ఆ ముద్దే కావాలి, వాళ్ళకి నా నమస్కారం.

పైన చెప్పిన వరసలో ఫజ్ లేదు, కావాలనే వదిలేశా. ఫజ్ ఫేస్ అనే పెడల్ తరహావి నేరుగా గిటార్ పికప్‌కే (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగం) తగిలి ఉండాలనుకుంటాయి. వాటి ముందు బాస్ (Boss) కంపెనీ ట్యూనర్ లాంటి, బఫర్ (సిగ్నల్‌కి బలమిచ్చి ముందుకు పంపే చిన్న సర్క్యూట్) ఉన్న పెడల్ ఏదైనా పెడితే శబ్దం గరగరలాడుతూ, పలచగా అయిపోతుంది, గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే శుభ్రపడే ఆ అందమైన గుణం కూడా పోతుంది. కాబట్టి ఫజ్ ఉంటే అదే మొదట, ట్యూనర్ ఆ తర్వాత.

బఫర్ అనగానే ట్రూ బైపాస్ గొడవ వస్తుంది, అంటే పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు సిగ్నల్ దాని సర్క్యూట్‌ని తాకకుండా నేరుగా దాటిపోవడం. క్లుప్తంగా చెప్తా. గిటార్ కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫ్యారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది, కేబుల్ పెరిగేకొద్దీ పికప్ నుంచి వచ్చే మెరుపు తగ్గుతుంది. గిటార్ నుంచి బోర్డుకి 6 మీటర్లు, బోర్డు మీద ముక్కలన్నీ కలిపి ఒకటిన్నర, బోర్డు నుంచి ఆంప్‌కి (యాంప్లిఫయర్) ఇంకో 6. పెడల్స్ అన్నీ ట్రూ బైపాస్ అయి అన్నీ ఆఫ్‌లో ఉంటే పికప్ పదమూడున్నర మీటర్లనీ ఒక్కతే మోయాలి, దుప్పటి కప్పినట్టుంటుంది శబ్దం. మొదట్లో ఒక్క బఫర్ ఉంటే దాని ముందున్న 6 మీటర్ల బరువే పికప్ మీద పడుతుంది. "మా బోర్డు మొత్తం ట్రూ బైపాసే" అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు కనిపిస్తారు. మొదట ఒక్క బఫర్, మిగతావి ఏవైనా, అంతే చాలు. బాస్ కంపెనీ మామూలు చిన్న పెడల్స్‌లో ఎలాగూ బఫర్ ఉంటుంది కాబట్టి మీ దగ్గర వాళ్ళ ట్యూనర్ ఉంటే ఆ పని అయిపోయినట్టే.

డ్రైవ్‌లు రెండుంటే తక్కువ గెయిన్‌ది (తక్కువ గరుకు చేసేది) ముందు, ఎక్కువది తర్వాత పెట్టి చూడండి. ట్యూబ్ స్క్రీమర్ ఓవర్‌డ్రైవ్ లాంటిదాన్ని డ్రైవ్ బాగా తగ్గించి, లెవెల్ పెంచి డిస్టార్షన్ ముందు పెడితే కింది బేస్ కాస్త తగ్గి, మిడ్ పైకొచ్చి రిఫ్ బిగుతుగా ఉంటుంది. సోలోకి వాల్యూమ్ పెరగాలంటే మాత్రం బూస్ట్ పెడల్ (సిగ్నల్‌ని పెంచేది) డ్రైవ్‌ల తర్వాత ఉండాలి. ముందు పెడితే పెరిగేది డిస్టార్షనే, వాల్యూమ్ కాదు. ప్రతి పెడల్ లెవెల్ నాబ్‌నీ ఆన్ ఆఫ్ చేస్తూ రెండు స్థితుల్లోనూ ఒకే వాల్యూమ్ వచ్చేలా ముందు సర్దుకోండి, సోలోకి కావాల్సినది ఆ తర్వాత పెంచుకోవచ్చు.

డిలే టైమ్‌కి ట్యాప్ బటన్ (పాట వేగానికి కాలితో తట్టి సరిచేసేది) లేకపోతే చిన్న లెక్క. 60,000ని పాట టెంపోతో భాగిస్తే ఒక బీట్‌కి ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. టెంపో 120 అయితే 500. చర్చి పాటల్లో వినిపించే ఆ పరుగెత్తే డాటెడ్ ఎయిత్ (ముప్పావు బీట్) డిలే కావాలంటే దాన్ని 0.75తో గుణించండి, 375. అయితే మన పాటల్లో తిశ్ర నడకలో ఉన్నవి బోలెడు, వాటికి ఈ 375 పెడితే డప్పుతో కొట్టుకుంటుంది. అక్కడ బీట్‌ని మూడు భాగాలు చేసి ఒక భాగమో రెండు భాగాలో పెట్టాలి, అదే టెంపోకి 167 లేదా 333. ఇది చాలామంది పట్టించుకోరు, డిలే పెడలే బాలేదని అమ్మేస్తారు.

కేబుల్స్. పెడల్స్ మధ్య పెట్టే ముక్కల్ని ప్యాచ్ కేబుల్స్ అంటాం, చవకగా రంగురంగుల్లో ఆరు కలిపి ప్యాకెట్లో అమ్ముతారు, ప్లాస్టిక్‌లో పోతపోసిన ప్లగ్గులతో. అవి పోతే బాగుచేయడానికి కూడా ఉండదు. ఓపికుంటే మీరే చేసుకోండి. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే సోల్డరింగ్ ఐరన్, లెడ్డు, మల్టీమీటర్ అన్నీ అక్కడే. షీల్డ్ ఉన్న మోనో ఇన్‌స్ట్రుమెంట్ కేబుల్ అని గట్టిగా చెప్పండి, స్పీకర్ వైరు ఇస్తే తీసుకోకండి, దానికి షీల్డ్ ఉండదు, యాంటెన్నాలా చుట్టుపక్కల గోలంతా పట్టుకొస్తుంది. ప్లగ్గులు వంకర మెడవి తీసుకోండి, నిటారువైతే రెండు పెడల్స్ మధ్య జానెడు జాగా పోతుంది.

చేసేటప్పుడు మొట్టమొదట ప్లగ్ మూత, లోపలి ప్లాస్టిక్ గొట్టం కేబుల్‌లోకి ఎక్కించాలి. సోల్డరింగ్ అంతా అందంగా అయ్యాక మూత టేబుల్ మీద కనిపిస్తే చేసేదేం లేదు, మళ్ళీ విప్పడమే. తర్వాత పై తొడుగు సెంటీమీటరున్నర ఒలిచి, జడలాంటి రాగి అల్లికని విడదీసి ఒక పక్కకు మెలిపెట్టండి. ఇప్పుడు లోపలి వైరు మీద ఇంకో నల్లటి పలచని ప్లాస్టిక్ పొర కనిపిస్తుంది కొన్ని కేబుల్స్‌లో. అది మామూలు ప్లాస్టిక్ కాదు, కరెంటు పోయే రకం. దాన్ని వెనక్కి బాగా ఒలిచేయాలి, లేకపోతే అది టిప్‌కి (ప్లగ్ కొస) తగిలి సిగ్నల్ సగం లీకయిపోతుంది, కేబుల్ పనిచేస్తున్నట్టే ఉంటుంది కానీ శబ్దంలో ప్రాణం ఉండదు, ఎందుకో ఎంత వెతికినా దొరకదు. వైరుకీ ప్లగ్ కొసకీ విడివిడిగా ముందే కాస్త లెడ్డు పట్టించి, తర్వాత రెండూ కలిపి వేడి చేస్తే ఇట్టే అతుక్కుంటాయి. అయిపోయాక మీటర్‌తో టిప్‌కి టిప్ బీప్ రావాలి, బాడీకి బాడీ బీప్ రావాలి, టిప్‌కీ బాడీకీ రాకూడదు. ప్రోబులు అలాగే పెట్టి కేబుల్‌ని అటూ ఇటూ వంచండి. బీప్ తెగితే మళ్ళీ చేయాలి.

బోర్డు కొన్నదైనా, కార్పెంటర్‌తో 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేయించినదైనా ఒకటే. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల వైపు వెళ్తే అల్యూమినియం యాంగిల్, స్క్రూలు, రబ్బరు బుష్‌లు దొరుకుతాయి, మధ్యలో సందులొచ్చేలా పట్టీలు కొడితే కేబుల్స్ కిందికి పోతాయి, తేలిగ్గానూ ఉంటుంది. వెనకవైపు కాస్త ఎత్తు ఉండాలి, సప్లై కింద పెట్టాలనుకుంటే దాని ఎత్తు ముందే కొలవండి. ఏదీ అతికించకముందే పెడల్స్ అన్నీ నేల మీద పేర్చి, కేబుల్స్ పెట్టి, నిలబడి షూస్ వేసుకుని నొక్కి చూడండి. ఉత్తి కాళ్ళతో సరిపోయిన ఖాళీ షూస్‌తో సరిపోదు, ఓవర్‌డ్రైవ్ నొక్కబోతే పక్క డిలే నాబ్ తిరిగిపోతుంది. పాట మధ్యలో ఎక్కువ నొక్కేవి ముందు వరసలో, ఒకసారి ఆన్ చేసి మర్చిపోయేవి వెనక.

వెల్క్రోలో గరుకు వైపు పెడల్‌కి, మెత్తటి వైపు బోర్డుకి. బాస్ పెడల్స్ అడుగున రబ్బరు ఉంటుంది, దాని మీద వెల్క్రో నిలవదు, రబ్బరు తీసి అతికించాలి, తర్వాత అమ్ముకునేటప్పుడు రబ్బరు లేదని ధర తగ్గిస్తారు. అది ఇష్టం లేనివాళ్ళు సైకిల్ షాపులో పాత చైన్ అడిగి లింకులు విప్పించుకోండి. లింకు ఒక రంధ్రంలోంచి పెడల్ అడుగు స్క్రూ, ఇంకో రంధ్రంలోంచి బోర్డులోకి స్క్రూ. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో ఆపిన కారులో వెల్క్రో జిగురు కరిగి పెడల్స్ జారిపోతాయి, చైన్ లింకుకి ఆ బాధ లేదు. కరెంటు వైర్లూ సిగ్నల్ కేబుల్సూ పక్కపక్కన కట్టగట్టకండి, ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

అంతా అయ్యాక హమ్ వస్తే కంగారుపడి పెడల్స్ అన్నీ పీకకండి. ముందు గిటార్ వాల్యూమ్ సున్నా చేయండి. హమ్ పోయిందంటే అది గిటార్‌లోంచే వస్తోంది. సింగిల్ కాయిల్ పికప్ అయితే నిలబడి నెమ్మదిగా తిరగండి, ఒక దిక్కున తగ్గుతుంది, లైట్ డిమ్మర్, ఫోన్ చార్జర్, సప్లై ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెరుగుతుంది. వాల్యూమ్ సున్నాలోనూ హమ్ ఉందంటే బోర్డుని పక్కన పెట్టి గిటార్‌ని నేరుగా ఆంప్‌లో పెట్టండి. అప్పుడూ ఉంటే తప్పు ఆంప్‌దో, ఆ హాలు ఎర్తింగ్‌దో. అప్పుడు లేకపోతే బోర్డులో ఒక్కో పెడల్ చేరుస్తూ రండి, ఎక్కడ మొదలైందో అక్కడే దొరుకుతుంది. కొన్ని హాళ్ళలో కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారగానే గీ అని ఒక రకం గోల మొదలవుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే మీ బోర్డుకి చేయగలిగింది పెద్దగా లేదు, గెయిన్ తగ్గించుకుని నెట్టుకురండి.

ఒక్క పని మాత్రం చచ్చినా చేయకండి. హమ్ తగ్గుతుందని ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, టూ పిన్‌లో పెట్టడం. హమ్ తగ్గొచ్చు. కానీ ఆంప్ లోపల ఏదైనా లీకయితే ఆ కరెంటు మీ తీగలకు వస్తుంది, మైకుకి పెదవి తగలగానే మీ ఒంట్లోంచి పోతుంది. గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలిసి హమ్ తెచ్చే చుట్టు) తెంచాలంటే డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే డబ్బా) మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, దాన్ని నొక్కండి, అది సిగ్నల్ వైపు షీల్డ్‌ని తెంచుతుంది, మీ ప్రాణానికున్న ఎర్త్‌ని కాదు. వీలైతే బోర్డూ ఆంపూ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ నుంచి తీసుకోండి, సగం లూప్‌లు అక్కడే పోతాయి.

ఆంప్ లేకుండా నేరుగా మిక్సర్‌లోకి ఇచ్చేవాళ్ళు, చర్చిల్లో ఎక్కువగా ఇదే పద్ధతి, చివర ఒక క్యాబ్ సిమ్యులేటర్ (గిటార్ స్పీకర్‌ని అనుకరించేది) తప్పకుండా పెట్టుకోవాలి. లేకపోతే డిస్టార్షన్ తేనెటీగలు ముసిరినట్టు వినిపిస్తుంది, గిటార్ స్పీకర్ ఆ పై ఫ్రీక్వెన్సీలను కోసేస్తుంది, హాల్లో ఉండే పీఏ స్పీకర్ కోయదు.

బ్యాగులో రెండు ప్యాచ్ కేబుల్స్, ఒక 9 వోల్టుల బ్యాటరీ, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, టేపు, ఒక పొడవాటి కేబుల్ అదనంగా ఉంచుకోండి. వానాకాలంలో జాకులు తడి గాలికి మసకబారి కరకరలాడతాయి, ప్లగ్గుకి స్ప్రే కొట్టి నాలుగుసార్లు లోపలికీ బయటికీ తీస్తే సరిపోతుంది. పాట మధ్యలో బోర్డు మొత్తం ఆగిపోతే వంగి వెతకొద్దు. ఆ పొడవాటి కేబుల్ తీసి గిటార్‌ని నేరుగా ఆంప్‌లో పెట్టి, ఆంప్ గెయిన్‌తో పాట ముగించేయండి, ఏ కేబుల్ పోయిందో బ్రేక్‌లో చూసుకోవచ్చు.